రెటీనా ఫొటోలు పాడవుతుంటే కెమెరా మార్చే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్నలో ఉన్న సంగతులు ఇవీ. హన్మకొండలో షుగర్ క్లినిక్‌లో కొత్తగా ఫండస్ కెమెరా, అంటే కంటి వెనక పొర రెటీనాను ఫొటో తీసే కెమెరా, పెట్టారు. కంటిపాపను విప్పే చుక్కల మందు వేయకుండానే ఫొటోలు తీస్తున్నారు. వాటిని చూసి రిపోర్టు ఇచ్చే హైదరాబాద్ డాక్టరు గారు పదింటిలో మూడు నాలుగు ‘చదవడానికి పనికిరావు’ అని వెనక్కి పంపుతున్నారు. ముసలివాళ్లవి ఎక్కువ పాడవుతున్నాయి, అందులోనూ ఎడమ కన్నువి. అంచుల్లో నెలవంకలా తెల్లటి మరక వస్తోంది. డీలరేమో పై మోడల్ తీసుకోమంటున్నాడు.

పై మోడల్ సంగతి చివర్లో చూద్దాం. వరంగల్ చుట్టుపక్కల కంటి ఆసుపత్రుల్లో, ఊళ్లలో పెట్టే క్యాంపుల్లో చాలాకాలంగా నేను చేస్తున్నది ఈ పనే. మీరు రాసింది చదివాక నాకు కెమెరా మీద అనుమానం రాలేదు. ‘ఎడమ కన్ను’ అన్న మాట దగ్గరే సగం జవాబు దొరికింది.

అలవాటుగా అందరం కుడి కన్ను ముందు తీస్తాం. ఫ్లాష్ పడుతుంది. ఒక కంట్లో వెలుగు పడితే రెండు కంటిపాపలూ కలిసే ముడుచుకుంటాయి, అది కంటి స్వభావం. వెంటనే కెమెరాను ఎడమ కంటి మీదికి జరిపి బటన్ నొక్కితే అప్పటికి ఆ పాప చిన్నదైపోయి ఉంటుంది. కుర్రవాళ్లకు కాసేపట్లో మళ్లీ విప్పుకుంటుంది. అరవై దాటినవాళ్లకు అంత తొందరగా విప్పుకోదు. పైగా వయసుతో పాటు పాప సైజే తగ్గుతూ వస్తుంది. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో పాపను విప్పే నరాలు కూడా దెబ్బతిని ఉంటాయి. మీ క్లినిక్‌కు వచ్చేది అచ్చంగా అలాంటివాళ్లే కాబట్టి ముసలివాళ్లు, ఎడమ కన్ను అనే రెండు ఫిర్యాదులకూ మూలం ఒక్కటే అయి ఉండొచ్చు.

ఇది నిజమో కాదో తేల్చుకోవడం సులువు. ఒక వారం పాటు ఎడమ కన్ను ముందు తీయండి. అప్పుడు కుడి కన్ను ఫొటోలు పాడవడం మొదలైతే దోషం పాపదే. వరస మార్చినా ఎడమవే చెడుతుంటే కారణం వేరే చోట ఉంది: గడ్డం ఆనించే స్టాండు ఒక పక్కకు వంగి ఉండొచ్చు, కెమెరా టేబుల్ గోడకు ఆనుకొని ఎడమ వైపు పూర్తిగా జరగకపోవచ్చు, ఎడమ పక్కనున్న కిటికీ వెలుగు నేరుగా పేషెంటు ముఖం మీద పడుతుండొచ్చు. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఇంకేదీ మార్చకండి. నాలుగూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

నెలవంక మరక ఎందుకొస్తుందో అర్థమైతే మిగతా సగం పని తేలికవుతుంది. కంటిపాప ఒక్కటే ద్వారం. వెలుగు అందులోంచే లోపలికి పోవాలి, రెటీనా బొమ్మ అందులోంచే బయటికి రావాలి. రెండూ ఒకే దారిలో పోతే కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) మీద, కంటి లెన్సు మీద మెరిసే వెలుగు బొమ్మను కప్పేస్తుంది. అందుకని కెమెరా వెలుగును ఉంగరం ఆకారంలో పాప అంచుల గుండా లోపలికి పంపి, బొమ్మను మధ్యభాగం నుంచి తీసుకుంటుంది. ఈ సూత్రాన్ని పట్టుకున్నది స్వీడన్ డాక్టరు అల్వార్ గుల్‌స్ట్రాండ్. కంటిలో వెలుగు నడక మీద చేసిన పనికి 1911లో ఆయనకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. నూరేళ్లు దాటినా, మీ టేబుల్ మీదున్న డిజిటల్ కెమెరా లోపల జరిగేది అదే. ఇప్పుడు ఆలోచించండి: పాప చిన్నదైతే ఆ వెలుగు ఉంగరం పూర్తిగా లోపలికి పట్టదు. ఒక పక్క కనుపాప చుట్టూ ఉన్న రంగు పొర, అదే ఐరిస్, మీద పడి వెనక్కి తిరిగి వస్తుంది. అదే మీరు చూస్తున్న నెలవంక. పాప పెద్దగా ఉన్నా, కెమెరా నడిమికి కాకుండా ఓ పక్కకు ఉంటే కూడా ఇదే వస్తుంది.

తేడా ఎలా పట్టాలంటే, కెమెరాను జరిపే జాయ్‌స్టిక్‌ను ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ కదిలించి చూడండి. నెలవంక ఒక వైపు తగ్గి పోతే గురి తప్పినట్టు. ఒక వైపు తగ్గితే రెండో వైపు పుడుతుంటే పాపే చిన్నది, ఎంత కదిపినా లాభం లేదు. మొదటిదాన్ని చేతితో సరిచేయొచ్చు. రెండోదాన్ని చీకటితోనో, చుక్కలతోనో సరిచేయాలి.

దూరం తప్పినప్పుడు వచ్చే మరక వేరే రకం. ఒక పక్క కాకుండా చుట్టూతా నీలి తెలుపు పొగమంచులా కమ్ముతుంది, లేదంటే నడుమ వెలిసిపోయినట్టు ఉంటుంది. కెమెరా ముందుకో వెనక్కో పోవాలని దానర్థం. చాలా మోడళ్లలో స్క్రీన్ మీద రెండు చిన్న వెలుగు చుక్కలు కనిపిస్తాయి, అవి స్పష్టంగా, వాటి స్థానంలో ఉన్నప్పుడే దూరం సరిగ్గా ఉన్నట్టు. మీ మోడల్‌లో ఏ గుర్తు ఉందో మాన్యువల్‌లో చూసుకోండి. ఆటోమేటిక్ మోడ్‌లో అదే చూసుకుంటుంది కదా అనుకుంటారు కానీ, వణికే తల, వాలిన రెప్ప ఉన్నచోట ఆటోమేటిక్ తరచూ మోసపోతుంది. చేత్తో నడపడం కూడా నేర్చుకొని ఉంచుకోండి.

ఇక గది. క్లినిక్‌లలో నేను చూసిన ఫండస్ గదుల్లో చీకటి నిజంగా ఉన్నది తక్కువే. ట్యూబ్‌లైటు ఆపేస్తారు, సరే. కానీ తలుపు కింది సందులోంచి వరండా వెలుగు వస్తుంటుంది. కంప్యూటర్ మానిటర్ పేషెంటు ముఖానికి ఎదురుగా వెలుగుతుంటుంది. తోడొచ్చిన మనవడు పక్కనే ఫోన్‌లో వీడియోలు చూస్తుంటాడు. మందు వేయకుండా తీసే కెమెరా గురి చూసేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ వాడుతుంది, అది పేషెంటు కంటికి కనిపించదు, కాబట్టి దానివల్ల పాప ముడుచుకోదు. గది చీకటిగా ఉంటేనే కదా ఆ సౌకర్యం పనికొచ్చేది! మానిటర్‌ను మీ వైపు తిప్పుకొని వెలుగు తగ్గించండి. కిటికీకి నల్లటి మందపాటి గుడ్డ వేయండి, పలుచటి కర్టెన్ మన ఎండకు ఆగదు. ఏప్రిల్, మే నెలల్లో బయటి ఎండలోంచి వచ్చిన మనిషిని నేరుగా కుర్చీలో కూర్చోబెట్టకండి. కాసేపు నీడలో, ఆ తర్వాత చీకటి గదిలో మూడు నాలుగు నిమిషాలు కూర్చోనివ్వండి. ఆ నిమిషాల్లో పేరు, షుగర్ ఎన్నేళ్ల నుంచి, బీపీ ఉందా, కంటి ఆపరేషన్ అయిందా అన్నవి అడిగి రాసుకోవచ్చు. మొదటి కన్ను తీశాక కూడా అంతసేపూ ఆగండి. క్యూ పెరిగిపోతుందని టెన్షన్ పడేవాళ్లు ఒక పని చేయొచ్చు: ఇద్దరిని చీకటి గదిలో కూర్చోబెట్టి, ఇద్దరి కుడి కళ్లూ తీసి, ఆ తర్వాత అదే వరసలో ఎడమ కళ్లు తీయడం. కాకపోతే ఇలా చేసేటప్పుడు ఫొటో ఎవరి పేరు మీద సేవ్ అవుతోందో ప్రతిసారీ చూసుకోవాలి. అంత జాగ్రత్త కుదరకపోతే ఈ పద్ధతి జోలికి పోవద్దు. మసక ఫొటో కన్నా వేరొకరి పేరు మీద ఎక్కిన చక్కటి ఫొటో ఎక్కువ ప్రమాదం.

చాలా కెమెరాలకు కనీసం 4 మిల్లీమీటర్ల పాప కావాలి. చిన్న పాప మోడ్ ఉంటే దాదాపు 3.3 మిల్లీమీటర్లకు సరిపెట్టుకుంటాయి, కానీ ఆ మోడ్‌లో అంచులు కొంత నల్లబడడం, చూపు కోణం తగ్గడం ఉంటుంది. చీకట్లో ఇంతసేపు కూర్చున్నాక కూడా పాప అంత విప్పుకోకపోతే పదిసార్లు ఫ్లాష్ కొట్టి ముసలాయన్ని హింసించడం కన్నా చుక్కలు వేయడం మేలు. ఆ నిర్ణయం డాక్టరుది, టెక్నీషియన్‌ది కాదు. ఎవరికి వేయొచ్చు, ఎవరికి వద్దు అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ట్రోపికమైడ్ వేస్తే ఇరవై నుంచి ముప్పై నిమిషాల్లో పాప విప్పుకుంటుంది. ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కలు ఇంకా బాగా విప్పుతాయి, కానీ బీపీ అదుపులో లేనివాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు జాగ్రత్త. కంటి ముందు గది, అంటే కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య జాగా, ఇరుకుగా ఉన్నవాళ్లకు అరుదుగా లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. అందుకే టార్చ్ పక్కనుంచి వేసి ఆ జాగా ఇరుకుగా ఉందేమో చూడడం డాక్టరు దగ్గర నేర్చుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, ఎండ కొడుతుంది. పరకాల నుంచో నర్సంపేట నుంచో బండి మీద ఒక్కడే వచ్చిన మనిషికి వేసే ముందు అది చెప్పాలి. తోడు తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే ఫోన్‌లో చెబితే గొడవ ఉండదు.

చుక్కలు వేస్తే రోజుకు తీసే కళ్ల సంఖ్య తగ్గుతుందని మేనేజర్లు గునుస్తారు. వెనక్కి వచ్చిన ఫొటోల కోసం పేషెంటును మళ్లీ పిలిపించడంలో పోయే సమయాన్ని వాళ్లు లెక్కేయరు.

కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది, దాన్ని ఏ ట్రైనింగ్‌లోనూ సరిగ్గా చెప్పరు. కంటి వెలుగు క్యాంపులు 2018లో ఒకసారి, 2023లో రెండోసారి జరిగాక మన ఊళ్లలో కంటి పరీక్ష అంటే అద్దాలు ఇస్తారనే అనుకుంటున్నారు. అక్షరాలు చదవమంటారని ఎదురుచూస్తున్న అవ్వ ముఖాన ఒక్కసారిగా ఫ్లాష్ కొడితే ఆమె ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, రెండో కన్నుకు గట్టిగా రెప్ప మూసేస్తుంది. అందుకే ముందే చెప్పండి: ‘అవ్వా, ఇది అద్దాల కోసం కాదు, షుగరు కంటి లోపలికి పోయిందా అని ఫొటో తీస్తున్నం. మెరుపు లెక్క ఒక్కసారి వెలుగొస్తది, నొప్పి ఉండది.’ ఆ తర్వాత ఒక్కో మాటా విడివిడిగా: ‘గదుమ గీడ పెట్టు. నొసలు ముందుకు ఆనియ్యి. పండ్లు కలిపి పట్టుకో.’ పళ్లు కలిపి పట్టుకోమనడం ఎందుకంటే, నోరు తెరిస్తే తల కదులుతుంది. ‘ఆ పచ్చ లైటు దిక్కు చూడు బాపూ. రెండుసార్లు రెప్ప కొట్టు. ఇగ పెద్దగ తెరువు.’ పెద్దగ తెరువు అన్న వెంటనే, ఒకట్రెండు క్షణాల్లో బటన్ నొక్కాలి. రెప్ప కొట్టినప్పుడు కన్నీటి పొర కార్నియా మీద సమంగా పరుచుకుంటుంది. ఆలస్యమైతే ఆ పొర అక్కడక్కడా విరిగి, ఫోకస్ సరిగ్గానే ఉన్నా ఫొటో మచ్చమచ్చగా మసకేస్తుంది. కళ్లు పొడిబారే పేషెంట్లలో ఇది మరీ ఎక్కువ. అలాంటివాళ్లకు డాక్టరు చెబితే పలుచటి లూబ్రికెంట్ చుక్క ఒకటి వేసి, రెప్పలు కొట్టించి తీయొచ్చు. చిక్కటి జెల్ మాత్రం వేయకండి, అదే ఇంకో మసక పొర అవుతుంది.

ఇదే కారణం వల్ల కంటి మీద చేసే ఇతర పరీక్షలన్నీ ఫొటో తర్వాతే పెట్టుకోవాలి. కంటి ఒత్తిడి చూడడానికి మత్తు చుక్క, పసుపు రంగు వేసి కార్నియాను తాకించాక ఫొటోకు పంపితే కార్నియా కాస్త మసకబారి ఉంటుంది. మీ క్లినిక్‌లో పరీక్షల వరస ఎలా ఉందో ఒకసారి చూడండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకోటి ఉంది. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి నేరుగా వచ్చే హమాలీలు, రైతుల కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటాయి. చేతికి కారం అంటుకొని ఉంటుంది, కన్ను తుడుచుకుంటే మంట ఇంకా పెరుగుతుంది. అలా వచ్చినవాళ్లను చేతులు సబ్బుతో కడుక్కొని, ముఖం చల్లటి నీళ్లతో కడుక్కొని రమ్మనండి, కాసేపు కూర్చోబెట్టండి. నీరు నిండిన కంటిని తీస్తే రెప్ప అంచున పేరుకున్న నీరు మెరిసి ఫొటోలో కింద ఒక తెల్ల చార పడుతుంది.

కనురెప్పల వెంట్రుకలు ఫొటోలో పడితే సన్నటి వెలుగు చారలు లేదా నీడలు పైనో కిందో కనిపిస్తాయి. రెప్ప వాలిపోయే ముసలివాళ్లకు పై రెప్పను పొడి దూదితోనో టిష్యూతోనో పట్టి మెల్లగా ఎత్తండి, కనుబొమ ఎముక మీద వేలు ఆనాలి, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకూడదు. రెండో మనిషి సాయం ఉంటే బాగుంటుంది. స్టాండు మీద కంటి బయటి మూల ఎత్తుకు ఒక గీత ఉంటుంది, పేషెంటు కన్ను దానికి సరిగ్గా వచ్చేలా గడ్డం స్టాండు ఎత్తు పెట్టండి. ఎత్తు తప్పితే పేషెంటు తల వంచి చూస్తాడు, రెప్ప ఇంకా కిందికి వస్తుంది. నడుము వంగిన అవ్వలకు కుర్చీ ఎత్తడం కాదు, టేబుల్ దించాలి.

చూపు నిలపడానికి కెమెరాలో ఉండే పచ్చ లైటు కనిపించని పేషెంట్లు ఉంటారు. వాళ్లకు ఆ కంట్లో చూపు బాగా తగ్గి ఉంటుంది. అప్పుడు కెమెరా బయట ఉండే ఫిక్సేషన్ లైటును (చూపు నిలిపే లైటు) రెండో కన్నుకు చూపించి ఆ కంటిని నడిపించండి. రెండు కళ్లూ కలిసే కదులుతాయి కాబట్టి తీయాల్సిన కన్ను కూడా అటే తిరుగుతుంది.

ఫోకస్ సంగతి. స్క్రీన్ మీద కనిపించే ఫోకస్ గీతలు రెండూ కలిసేదాకా నాబ్ తిప్పడమే అనుకుంటారు. మామూలు కంటికి అంతే. శుక్లం ముదిరిన కంట్లో ఆ గీతలే మసకగా కనిపిస్తాయి. మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్లలో ఫోకస్ నాబ్ చివరిదాకా పోయినా సరిపోదు, కెమెరాలో పవర్ సరిచేసే లెన్స్ స్విచ్ వేయాలి. గీతల మీద నమ్మకం కుదరనప్పుడు లైవ్‌లో రక్తనాళాలను చూడండి: డిస్క్ (కంటి నరం రెటీనాను కలిసే గుండ్రటి చోటు) దగ్గరి లావు నాళాలు కాదు, మాక్యులా (స్పష్టమైన చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) వైపు పోయే సన్నవాటి అంచులు పదునుగా కనిపించాలి. తీశాక స్క్రీన్ మీద చిన్న బొమ్మలో చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. పూర్తి సైజుకు పెంచి మాక్యులా దగ్గర చూడండి, ఆ సన్న నాళాలు కనపడకపోతే పేషెంటును లేవనివ్వకండి.

ఆ అలవాటు ఎందుకంటే, మనం వెతుకుతున్నవి మరీ చిన్నవి. షుగర్ కంట్లో మొదట కనిపించే మైక్రోఅన్యూరిజమ్‌లు (సన్న నాళాల గోడల మీద చిన్న ఉబ్బులు) డిస్క్ అంచున ఉండే సిర మందం కన్నా చిన్నవి, అంటే సుమారు 125 మైక్రాన్ల లోపు. కొంచెం మసకేసినా అవి మాయమవుతాయి. డిస్క్, లావు నాళాలు మాత్రం అందంగానే కనిపిస్తుంటాయి కాబట్టి ఫొటో బాగుందని మనమే మోసపోతాం. ఎరుపు తీసేసి చూసే రెడ్-ఫ్రీ వ్యూ మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే వాడండి, రక్తపు చుక్కలు, చిన్న ఉబ్బులు అందులో నల్లగా తేలతాయి. ఫోకస్ పదునుగా ఉందో లేదో అందులో ఇంకా బాగా తెలుస్తుంది.

వెలుగు మోతాదు మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. డిస్క్ తెల్లగా కాలిపోయినట్టు కనిపిస్తే ఫ్లాష్ తగ్గించండి, లేకపోతే డిస్క్ మధ్య గుంట కనపడక గ్లకోమా అనుమానాన్ని డాక్టరు పట్టుకోలేరు. మన వాళ్ల రెటీనాలో రంగు ఎక్కువ కాబట్టి ఒక మెట్టు పెంచాల్సి రావడం మామూలే. ఆపరేషన్ అయి కొత్త లెన్స్ పెట్టిన కంటికి మాత్రం అదే మోతాదు ఎక్కువైపోవచ్చు. శుక్లం ఉన్న కంటికి ఫ్లాష్ పెంచుకుంటూ పోతే లాభం తక్కువ, లోపల వెలుగు చెదిరి ఫొటో ఇంకా తెల్లబడుతుంది. దానికన్నా జాయ్‌స్టిక్‌ను కొద్దికొద్దిగా పక్కకు జరిపి, శుక్లం పలుచగా ఉన్న చోటు దొరుకుతుందేమో వెతకండి.

మసక శుక్లానిదా, కెమెరా అద్దం మీది మురికిదా అని అనుమానం వస్తే మీ స్టాఫ్‌లో కుర్రవాళ్లెవరినైనా కూర్చోబెట్టి ఒక ఫొటో తీయండి. అది మెరిసిపోతూ వస్తే కెమెరా బాగుంది. కుర్రవాళ్ల రెటీనా మీద నాళాల వెంబడి జరీలాంటి మెరుపు కనిపిస్తుంది, దాన్ని చూసి జబ్బు అనుకోకండి. రోజూ పొద్దున మొదటి పేషెంటు కన్నా ముందు ఇలా ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, కెమెరా ఎప్పటి నుంచి చెడిందన్న వాదన రాదు.

ధూళి మచ్చలను పట్టే పద్ధతి ఒక్కటే: మనుషులు మారినా, కన్ను మారినా ఫొటోలో అదే చోట ఉండే మచ్చ కంట్లోది కాదు. ముందు అద్దం మీది ధూళి మసక తెల్లటి చుక్కలా వస్తుంది, లోపల సెన్సర్ మీదిది నల్లగా, పదునుగా వస్తుంది. రెండోదాన్ని మీరు ముట్టుకోకండి, సర్వీసు మనిషి పని. ముందు అద్దాన్ని మీరే శుభ్రం చేసుకోవచ్చు. మొదట రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టి ధూళి పోగొట్టాలి. ఆ తర్వాతే మాన్యువల్‌లో చెప్పిన ద్రావణంతో తడిపిన లెన్స్ టిష్యూతో నడుమ నుంచి అంచులకు గుండ్రంగా తుడవాలి. చొక్కా కొంగు, శానిటైజర్, నోటితో ఊదడం, ఈ మూడూ నిషేధం. పేషెంటు ముక్కు, రెప్ప వెంట్రుకలు తగిలి జిడ్డు అంటే అద్దం అంతటా పలుచటి పొగలా కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది శుక్లం అని రాసేస్తారు. పనయ్యాక మూత పెట్టండి. వానాకాలంలో ఏసీ గదిలోంచి తీసి క్యాంపుకు తీసుకుపోయినప్పుడు అద్దం మీద తేమ పడుతుంది, బయటి వేడికి అలవాటు పడేదాకా పెట్టె తెరవకుండా ఉంచండి. ములుగు, ఏటూరునాగారం వైపు వానల్లో తిప్పే కెమెరాలకైతే పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి, అవి తేమ పీల్చుకొని నిండినప్పుడల్లా మార్చడం తప్పనిసరి. అద్దం లోపల బూజు పడితే వదిలించడం ఖర్చుతో కూడిన పని.

ఒక కంటికి ఎన్ని ఫొటోలు? 45 డిగ్రీల కెమెరా అయితే రెండు: మాక్యులా నడుమ పెట్టి ఒకటి, డిస్క్ నడుమ పెట్టి ఒకటి. యూరప్‌లో షుగర్ కంటి స్క్రీనింగ్‌కు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతి అదే. మీరు ఒక్కటే తీస్తున్నారేమో చూసుకోండి. డిస్క్‌కు ముక్కు వైపు ఉన్న భాగం ఒక్క ఫొటోలో పూర్తిగా రాదు. కుడి కంటి ఫొటోలో డిస్క్ కుడి పక్కన ఉంటుంది, ఎడమ కంటి ఫొటోలో ఎడమ పక్కన. పేరు తప్పు పడిందా అని చూడడానికి ఇంతకన్నా సులువైన గుర్తు లేదు.

పంపించే పద్ధతి కూడా అడగాల్సింది మీరు, అడగలేదు. చక్కగా తీసిన ఫొటోను వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది కుదించేస్తుంది, ఆ చిన్న ఉబ్బులన్నీ పోతాయి. డాక్టరు గారు వెనక్కి పంపేవాటిలో కొన్ని ఇందువల్ల కూడా కావచ్చు. కెమెరా ఇచ్చిన అసలు ఫైలును క్లినిక్ సాఫ్ట్‌వేర్ ద్వారానే పంపండి. గత్యంతరం లేనప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా జోడిస్తే అసలు ఫైలు అలాగే పోతుంది, కానీ పేషెంటు పేరు, ఫోన్ నంబరు ఫొటో మీద ఉన్నాయేమో చూసి తీసేసి, కోడ్ నంబరుతో పంపండి. ఫొటోకు బ్రైట్‌నెస్, షార్ప్‌నెస్ పెంచి ‘బాగుచేసి’ పంపే అలవాటు ఉంటే మానుకోండి. లేని అంచులు పుడతాయి, ఉన్న మచ్చలు పోతాయి.

ఇన్ని చేసినా కొన్ని కళ్లు రావు. ముదిరిన శుక్లం, కార్నియా మీద పువ్వు, లోపల రక్తం కారి ఉండడం, ఇవి చేతి నేర్పుతో పోయేవి కావు. ఒక్కో కంటికి రెండు మూడు ప్రయత్నాలు చాలు, అంతకు మించితే పేషెంటు అలసిపోతాడు, నీళ్లు కారతాయి, పాప ఇంకా ముడుచుకుంటుంది. వచ్చినవాటిలో మంచిది ఉంచి, రిపోర్టులో ‘రెటీనా చూడలేకపోయాం, ఈ కారణంగా’ అని రాయండి. కొన్నిచోట్ల ఈ ఫొటోలను ‘జబ్బేమీ కనిపించలేదు’ లెక్కలో వేస్తున్నారు, అది ఘోరం. లోపల రక్తం కారిన కన్ను ఫొటోలో ఉత్త మసకలానే కనిపిస్తుంది, అంటే అన్నిటికన్నా తొందరగా డాక్టరు దగ్గరికి పోవాల్సిన మనిషిని మనం ఇంటికి పంపిస్తున్నామన్నమాట. ఫొటో రాని ప్రతి కంటినీ చుక్కలు వేసి చూసే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. వరంగల్‌లోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పేషెంటు చేతికి ఇచ్చే చీటీ మీద తెలుగులో ‘ఫొటో సరిగా రాలేదు, కన్ను బాగుందని దీనర్థం కాదు’ అని రాసి, తోడొచ్చినవాళ్లకు చదివి వినిపించండి. అకస్మాత్తుగా చూపు తగ్గిందనో, నల్లటి చుక్కలు, పోగులు కదులుతున్నాయనో చెబితే ఆ రోజే పంపండి.

డీలర్ మాటకు వస్తే, ఇంకా చిన్న పాపకు పనిచేసే కెమెరాలు, శుక్లం ఉన్నా మెరుగ్గా తీసేవి ఉన్న మాట నిజమే, కొన్ని చోట్ల అవి అవసరమే. కానీ ముందు నల్ల గుడ్డ వేసి, రెండు కళ్ల మధ్య ఆగి, చుక్కల కోసం డాక్టరు దగ్గర అనుమతి రాయించుకొని, నెల తర్వాత ఎన్ని వెనక్కి వస్తున్నాయో చూడండి. అప్పటికీ డీలర్ వదలకపోతే డెమో కెమెరాను మీ గదిలోనే పెట్టి చూపించమనండి. డెమోలు ఎప్పుడూ వాళ్ల కంపెనీ కుర్రవాడి కంటి మీద చేసి చూపిస్తారు, ఆ కంటికి ఏ కెమెరా అయినా బ్రహ్మాండంగా తీస్తుంది. మీ దగ్గర ఫొటో వెనక్కి వచ్చినవాళ్లలో ఒప్పుకున్న నలుగురు పెద్దవాళ్లను పిలిపించి, వాళ్ల ఎడమ కళ్లు తీయమనండి.